మూడోసారి అమీబియాసిస్ కోర్సు ఇచ్చే ముందు: గ్రామీణ వైద్యులకు, మందుల షాపుల వారికి బహిరంగ లేఖ

ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాల గ్రామీణ వైద్యులకు, మందుల షాపుల యజమానులకు, కౌంటర్ దగ్గర నిలబడే ఫార్మసిస్టులకు,

నమస్కారం.

ఏళ్ల తరబడి కడుపు నొప్పితో తిరిగే మనిషి చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. అందులో కాగితాలను తేదీల ప్రకారం బల్ల మీద పరిచి చూడండి. రెండేళ్ల కింద అమీబాను చంపే మెట్రోనిడజోల్ కోర్సు ఒకటి. నాలుగు నెలలు తిరక్కముందే ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిసిన యాంటీబయాటిక్ బిళ్లలు. మధ్యలో ఒక మల పరీక్ష, సిస్టులు (గట్టి పొర కట్టుకున్న అమీబాలు) ఉన్నాయని. ఒక స్కానింగు, పేగుల్లో గ్యాస్ ఎక్కువని. ఒక ఎండోస్కోపీ, కొద్దిగా గ్యాస్ట్రైటిస్ అని. పరగడుపున వేసుకునే గ్యాస్ బిళ్లల ఖాళీ స్ట్రిప్పులకైతే లెక్కే లేదు. ఇంత జరిగినా ఆ మనిషి పొద్దున్నే మూడుసార్లు పోతానే ఉంటాడు. కావలి బస్సు ఎక్కాలంటే ముందు బస్టాండులో మరుగుదొడ్డి ఏ పక్కనుందో చూసుకుంటాడు.

ఇలాంటి కవర్లలో చాలావాటి మీద రాయాల్సిన పేరు ఐబీఎస్, అంటే ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్. జనం నోట నానిన తెలుగు పేరు దీనికి లేదు. గ్యాస్ ట్రబుల్, అమీబియాసిస్, కోలైటిస్, పేగు పూత అనే పేర్ల కింద నలుగుతా ఉంది. కొన్ని ఊళ్లలో ఎవరో మందు పెట్టారని చెప్పి దాన్ని కక్కించే వాళ్ల దగ్గరికి కూడా తీసుకుపోతారు. ఇవన్నీ అయ్యాకే నెల్లూరుకో ఒంగోలుకో వస్తారు. అందరికంటే ముందు చూసేది మీరే కాబట్టి ఈ ఉత్తరం మీకు. ఎవరు ఏ మందు రాయొచ్చన్న తగువులోకి మేం పోవడం లేదు. షెడ్యూల్ హెచ్ మందులకు రిజిస్టర్డ్ డాక్టరు చీటీ కావాలన్నది మీకు తెలిసిన చట్టమే. మేం అడిగేది ఒక్కటే: అదే కడుపు నొప్పికి రెండో కోర్సు, మూడో కోర్సు చేతికిచ్చే ముందు ఐదు నిమిషాలు ఆగి ప్రశ్నలు అడగండి. ఈ జబ్బును పట్టిచ్చేది స్కానింగు కాదు, ప్రశ్నలు.

ముందు అసలు ఏం చెడిందో చూద్దాం. ఐబీఎస్‌లో పేగుకు పుండు ఉండదు, పూత ఉండదు, గడ్డ ఉండదు. పేగు గోడలో 10 కోట్లకు పైగా నరకణాలున్నాయి. అవి మెదడుతో రాత్రీ పగలూ మాట్లాడుకుంటూనే ఉంటాయి. ఆ మాటల్లోనే తేడా వచ్చింది. మలాశయంలో చిన్న బెలూను పెట్టి గాలి ఊది చూసిన పరీక్షల్లో, మామూలు మనిషికి పట్టనంత కొద్ది గాలికే ఐబీఎస్ ఉన్నవాళ్లలో చాలామందికి నొప్పి వచ్చింది. రైతుకు చెప్పాలంటే బోరు మోటారు పోలిక సరిపోతుంది. స్టార్టర్ డబ్బాలో ఓవర్‌లోడ్ రిలేను మరీ తక్కువ ఆంపియర్లకు తిప్పి పెడితే, మోటారు మామూలుగా తిరుగుతున్నా ట్రిప్పయిపోతుంది. పైకి తీసి విప్పి చూస్తే వైండింగూ బాగుంటుంది, బేరింగులూ బాగుంటాయి. తప్పంతా సెట్టింగులో ఉంది. యాంటీబయాటిక్ కోర్సు ఇవ్వడమంటే ఆ మోటారుకు మళ్లీ వైండింగు కట్టించడమే.

సెట్టింగు ఎందుకు తప్పుతుంది? అన్నిటికీ ఒకే కారణం లేదు. బాగా తెలిసిన దారి ఒకటుంది: గట్టిగా వాంతులు విరేచనాలు పట్టి తగ్గిపోయాక, దాదాపు పదిమందిలో ఒకరికి పేగు పాత పద్ధతికి రాదు. కెనడాలోని వాకర్టన్ ఊళ్లో 2000 మేలో తాగునీరు కలుషితమై జనం జబ్బుపడ్డారు. ఆ తర్వాత ఏళ్లపాటు అక్కడ ఐబీఎస్ ఎక్కువగా కనిపించింది. మన రోగి 'తుపానప్పుడు విరేచనాలు పట్టాయి సార్, అప్పట్నుంచీ ఇంతే' అంటే ఆ మాటను కొట్టిపారేయకండి. క్రిమి పోయింది, దాని గుర్తు నరాల్లో మిగిలింది. మళ్లీ క్రిమిని చంపే మందు ఇస్తే చంపడానికి అక్కడేమీ ఉండదు.

ఇక ప్రశ్నలు. ప్రపంచమంతా వాడే రోమ్ 4 ప్రమాణాలు 2016లో వచ్చాయి. వాటి సారం ఇది: ఇబ్బంది మొదలై కనీసం 6 నెలలు కావాలి. గత 3 నెలలుగా సగటున వారానికి ఒక రోజైనా కడుపు నొప్పి ఉండాలి. ఆ నొప్పికి మూడింటిలో రెండు తోడుండాలి: దొడ్డికి పోయినప్పుడు నొప్పి తగ్గడమో పెరగడమో, పోయే లెక్క మారడం, మలం తీరు మారడం. నొప్పి లేకుండా ఉత్త ఉబ్బరమే అంటే అది ఐబీఎస్ కాకపోవచ్చు. మొదటి రెండూ అందరూ చెప్తారు, మూడోది అడిగితే సిగ్గుపడతారు. దానికి బ్రిస్టల్ స్కేలు ఉంది, 7 రకాలు. మన మాటల్లో అడగండి: మేక పెంటికల్లా విడివిడిగానా (1), గడ్డలు అతుక్కున్నట్టా (2), పైన పగుళ్లతోనా (3), అరటిపండులా నున్నగానా (4), మెత్తటి ముక్కలా (5), జావలానా (6), ఉత్త నీళ్లా (7). 3, 4 మామూలువి. తేడాగా ఉన్న రోజుల్లో నాలుగో వంతుకు మించి 1, 2 ఉండి, 6, 7 అంతకంటే తక్కువైతే మలబద్ధకం రకం. తిరగబడితే విరేచనాల రకం. రెండూ ఎక్కువైతే మిశ్రమం. మందు వేసుకోని రోజులనే లెక్కలోకి తీసుకోండి, లేకపోతే మీరిచ్చిన బిళ్లకే మీరు పేరు పెట్టినట్టవుతుంది.

'తిన్నది తిన్నట్టే బయటికి వస్తా ఉంది' అనే మాట మీరు వారానికి పదిసార్లు వింటారు. అది తిన్నది కాదు. పొద్దున తిన్న ఇడ్లీ బయటికి రావడానికి మామూలుగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. పొట్టలో ఏదైనా పడగానే పెద్దపేగు ముడుచుకుని పాత సరుకును ముందుకు తోయడం అందరిలోనూ ఉండే పనే. ఐబీఎస్‌లో ఆ తోపు గట్టిగా ఉంటుంది. ఈ ఒక్క ముక్క విడమరిచి చెప్తే, ఒంటికి ఏదీ పట్టడం లేదన్న బెంగ సగం తగ్గుతుంది.

బంక పడుతోందనగానే అమీబియాసిస్ అని రాసేయడం మన దగ్గర బాగా పాతుకుపోయిన అలవాటు. ఐబీఎస్‌లోనూ తెల్లటి జిగురు పడుతుంది. రక్తం పడదు. అమీబా వల్ల వచ్చే జిగట విరేచనాల్లో జిగురుతో పాటు రక్తం ఉంటుంది, పదేపదే ముక్కుళ్లు వస్తాయి. ల్యాబు చీటీలో సిస్టులు అని ఉన్నా తొందరపడొద్దు. హాని చేసే ఎంటమీబా హిస్టోలిటికా, ఏ హానీ చెయ్యని ఎంటమీబా డిస్పార్ అనేవి రెండున్నాయి. సూక్ష్మదర్శిని కింద రెండింటి సిస్టులూ ఒకేలా కనిపిస్తాయి, చూసి విడదీయడం ఎవరి తరమూ కాదు. విడదీసేది యాంటిజెన్ పరీక్ష. ఎర్ర రక్తకణాలను మింగిన అమీబా కనిపించిందని రాస్తే అది వేరే సంగతి, అప్పుడు వైద్యం చెయ్యాల్సిందే.

ఓఫ్లాక్సాసిన్ గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. ఈ జాతి మందులు క్షయ క్రిమి మీద కూడా కొంత పనిచేస్తాయి. చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోట, అంటే పొట్ట కుడివైపు కింద, క్షయ వచ్చిన మనిషికి ఈ బిళ్లలు పడితే కొన్నాళ్లు నెమ్మదిస్తుంది, అసలు జబ్బు బయటపడటం నెలల కొద్దీ వెనక్కి పోతుంది. ఐబీఎస్ అనుకుని పొరపాటు చెయ్యకూడని జబ్బుల్లో మన దేశంలో మొదట గుర్తుపెట్టుకోవాల్సింది పేగు క్షయే.

అందుకని, ఈ కిందివాటిలో ఒక్కటున్నా ఐబీఎస్ అనే మాట పక్కన పెట్టి పెద్దాసుపత్రికి పంపండి. మలంలో రక్తం. ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, లుంగీ, జాకెట్టు వదులయ్యాయా అని అడిగితే తెలుస్తుంది. సాయంత్రం పూట జ్వరం. హిమోగ్లోబిన్ తగ్గడం. చేతికి తగిలే గడ్డ. నిద్రలోంచి లేపి మరీ దొడ్డికి పంపే విరేచనాలు, ఎందుకంటే ఐబీఎస్ మామూలుగా మనిషితో పాటే నిద్రపోతుంది. 50 ఏళ్లు దాటాక మొదటిసారి మొదలవడం. ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ ఉండటం. 50 దాటిన ఆడమనిషి కొత్తగా పొట్ట ఉబ్బుతోందంటే అండాశయం చూపించాలి, గ్యాస్ బిళ్లతో పంపేయకూడదు. మొలలే కదా అని రక్తాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మొలలున్న మనిషికి క్యాన్సర్ రాకూడదని రూలేమీ లేదు.

ఇవేవీ లేకపోతే పరీక్షలు కొన్నే చాలు: రక్తం కౌంటు, ఒంట్లో వాపును చూపే సీఆర్‌పీ, విరేచనాల రకమైతే సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పడని జబ్బు) కోసం టీటీజీ రక్త పరీక్ష, మలంలో క్యాల్‌ప్రొటెక్టిన్. పేగులో నిజంగా వాపుంటే క్యాల్‌ప్రొటెక్టిన్ పెరుగుతుంది, ఐబీఎస్‌లో సాధారణంగా పెరగదు. ఏడాదికోసారి స్కానింగు తీయించడం వల్ల ఒరిగేదేమీ లేదు.

పరీక్షల కంటే ముందు మీ కౌంటర్ మీదే దొరికే సమాచారం ఒకటుంది: ఆ మనిషి రోజూ వాడే బిళ్లలు. షుగరుకు మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టినా, మోతాదు పెంచినా విరేచనాలు పడతాయి. నిదానంగా విడుదలయ్యే రకానికి మార్చమని డాక్టరును అడిగితే చాలామందికి సర్దుకుంటుంది. ఐరన్ బిళ్లలు, క్యాల్షియం బిళ్లలు మలబద్ధకం తెస్తాయి. మెగ్నీషియం ఉన్న యాంటాసిడ్ నీళ్లలా పోనిస్తుంది, అల్యూమినియం ఉన్నది బిగబట్టిస్తుంది. కనిగిరి, పామూరు వైపు నుంచి వచ్చినవాళ్లయితే తాగే నీళ్లేవో అడగండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు, కీళ్లతో పాటు కడుపూ ఇబ్బంది పెట్టొచ్చు. ముందు నీళ్లు మార్చి చూడటం మందు కంటే చవక.

తిండి దగ్గర ఈ జిల్లాలకు ఒక అదృష్టం ఉంది, అది అన్నం. వరి అన్నంలోని పిండి దాదాపు అంతా చిన్నపేగులోనే అరిగిపోతుంది, పెద్దపేగుకు పోయి గ్యాసయ్యేది చాలా తక్కువ. మొలగొలుకులైనా రేషను బియ్యమైనా ఇందులో తేడా లేదు. 'అన్నం మానేసి చపాతీ తిను' అనేది షుగరు రోగికి చెప్పే మాట. దాన్ని ఐబీఎస్ రోగికి చెప్తే ఉబ్బరం పెరుగుతుంది. గోధుమలో ఫ్రుక్టాన్లు అనే పిండిపదార్థాలున్నాయి, వాటిని అరిగించే ఎంజైము మనిషి పేగులో లేదు. పెద్దపేగులో బ్యాక్టీరియా వాటిని పులియబెట్టి గ్యాసు చేస్తుంది. ఉల్లి, వెల్లుల్లిలో కూడా అవే. శనగలు, ఉలవలు, రాజ్మాలో వాటి దాయాదులు.

ఈ జాతి పదార్థాలకు ఆస్ట్రేలియాలోని మోనాష్ యూనివర్సిటీ వాళ్లు ఫాడ్‌మ్యాప్ అని పేరు పెట్టారు. పద్ధతికి మూడు మెట్లు: 2 నుంచి 6 వారాలు బాగా తగ్గించడం, తర్వాత ఒక్కోదాన్నీ మూడు రోజులు కొద్దికొద్దిగా పెంచుతూ మళ్లీ తిని చూడటం, చివరికి పడనివాటినే వదిలి మిగతావి తినడం. మన దగ్గర జరిగే తప్పు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోవడం. పప్పు మాను, పాలు మాను, పండ్లు మాను అని రాసిన చీటీ పట్టుకుని మనిషి రెండేళ్లు చారన్నం మీద బతికి ఎండిపోతాడు. సన్నగా ఉన్నవాళ్లకు, గర్భిణులకు, పిల్లలకు ఈ పద్ధతి డైటీషియన్ లేకుండా చెప్పనే వద్దు.

వంటింట్లో ఏం చెయ్యొచ్చో కాస్త వివరంగా చెప్తాం, ఆడవాళ్లు అడిగేది ఇదే. ఫ్రుక్టాన్లు నీళ్లలో కరుగుతాయి, నూనెలో కరగవు. కాబట్టి వెల్లుల్లి రెబ్బలు నూనెలో వేయించి, రెబ్బలు తీసి పారేసి, ఆ నూనెతో తిరగమోత పెడితే వాసన వస్తుంది, ఇబ్బంది రాదు. అదే రెబ్బలు పులుసులో ఉడికించి తర్వాత ఏరేస్తే లాభం లేదు, దిగాల్సింది అప్పటికే పులుసులోకి దిగిపోయింది. ఆ నూనె ఎప్పటికప్పుడు చేసుకోవాలి, సీసాలో పోసి వారాల తరబడి ఉంచకూడదు. ఉల్లిపాయ బదులు ఉల్లికాడల పచ్చభాగం, లేదా చిటికెడు ఇంగువ. ఇంగువ డబ్బాలో చాలావాటిలో గోధుమ పిండో మైదానో కలుపుతారు. ఐబీఎస్‌కు ఆ చిటికెడు లెక్కలోకి రాదు గాని, సీలియాక్ ఉన్నవాళ్లు డబ్బా వెనక చదవాలి. పప్పుధాన్యాలు రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు పారబోసి కొత్త నీళ్లతో ఉడికిస్తే గ్యాసు కొంత తగ్గుతుంది. నెల్లూరు చేపల పులుసులో చేపకూ చింతపండుకూ పేచీ లేదు, పేచీ ఉల్లి వెల్లుల్లి ముద్దతోనూ కారంతోనూ. మిరపకాయలోని క్యాప్సైసిన్ పేగులో నొప్పిని పట్టే నరాలనే తడుతుంది. కారం దోసె తిన్న రోజు పొట్ట మెలిపెట్టడం అపోహ కాదు.

మామిడిపండు కాలంలో ఫోన్లు ఎక్కువ. బంగినపల్లిలో గ్లూకోజు కంటే ఫ్రుక్టోజు ఎక్కువ, అందుకే రెండు ముక్కలకు ఊరుకున్న పొట్ట రెండు పండ్లకు తిరగబడుతుంది. పాల సంగతి పరీక్షించడం తేలిక: రెండు వారాలు పాలు పూర్తిగా మాని చూడాలి. గ్లాసు పాలలో సుమారు 12 గ్రాముల లాక్టోజు ఉంటుంది, టీలో పోసే కొద్ది పాలలో దానిలో నాలుగో వంతు కూడా ఉండకపోవచ్చు. పెరుగు, మజ్జిగ చాలామందికి పడతాయి. మానిపించొద్దు. టీ కాఫీలు రోజుకు మూడు కప్పులకు కుదించమనండి.

పీచు దగ్గర పొరపాటు జరుగుతా ఉంది. అన్ని పీచులూ ఒకటి కావు. నెదర్లాండ్స్‌లో 275 మంది మీద చేసి 2009లో ప్రకటించిన అధ్యయనంలో రోజుకు 10 గ్రాముల ఇసబ్‌గోల్ పొట్టు, 10 గ్రాముల గోధుమ తవుడు, ఉత్త బియ్యప్పిండి పోల్చి చూశారు. ఇసబ్‌గోల్ మేలు చేసింది. తవుడు తిన్నవాళ్లలో చాలామంది బాధ పెరిగి మధ్యలోనే మానేశారు. ఇసబ్‌గోల్ ఇచ్చేటప్పుడు డబ్బా చేతిలో పెట్టి ఊరుకోకండి. మొదట రోజుకు ఒక టీ చెంచాతో మొదలుపెట్టి, నాలుగైదు రోజులకోసారి పెంచుతూ రెండు పెద్ద చెంచాల దాకా పోవచ్చు. నిండు గ్లాసు నీళ్లలో కలిపి వెంటనే తాగెయ్యాలి, జిగురుకట్టేదాకా ఆగితే గొంతులో అడ్డం పడుతుంది. పైన ఇంకో గ్లాసు నీళ్లు. వేరే బిళ్లలకు రెండు గంటల ఎడం. మొదటి వారం ఉబ్బరం కొంచెం పెరుగుతుందని ముందే చెప్పండి, లేకపోతే మూడో రోజే డబ్బా అటకెక్కుతుంది. మలబద్ధకం రకానికి లాక్టులోజు సీసా కంటే పాలిఎథిలిన్ గ్లైకాల్ పొడి మేలు. లాక్టులోజు కూడా పేగులో పులిసి గ్యాసయ్యేదే.

మందుల్లో నొప్పికి మెబెవెరిన్ 135 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు, తిండికి 20 నిమిషాల ముందు. తిన్న తర్వాత వేసుకుని పనిచెయ్యలేదంటే తప్పు బిళ్లది కాదు. నొప్పికే ఇచ్చే డైసైక్లోమిన్ వేసుకుంటే పెద్దవయసు మగవాళ్లకు మూత్రం బిగబడొచ్చు. గ్లాకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉంటే వద్దు. విరేచనాల రకానికి లోపెరమైడ్ 2 మిల్లీగ్రాములు ప్రయాణం ముందు వేసుకోవచ్చు, రోజుకు నాలుగు దాటకూడదు. జ్వరం, రక్తం ఉంటే ముట్టుకోకూడదు. అది విరేచనాలను ఆపుతుందే గాని నొప్పిని కాదు. ఇవి చాలకపోతే డాక్టరు రాసే మందు అమిట్రిప్టిలిన్, రాత్రికి 10 మిల్లీగ్రాములతో మొదలు. ఇంగ్లండులో 463 మంది మీద చేసిన అధ్యయనం 2023లో వచ్చింది. 10 నుంచి 30 మిల్లీగ్రాముల మోతాదులో బాగా పనిచేసింది. ఈ చీటీ మీ షాపుకు వచ్చినప్పుడు 'ఇది పిచ్చికిచ్చే బిళ్ల' అన్న ఒక్క మాట మీ నోట్లోంచి రాకూడదు. దిగులు జబ్బుకు ఇచ్చే మోతాదులో ఇది చిన్న భాగం, ఇక్కడ అది చేసే పని నరాల సెట్టింగు మార్చడం.

రెండు మిశ్రమాల మీద మా అభ్యంతరం సూటిగా చెప్తాం. క్లోర్‌డయాజిపాక్సైడ్ కలిసిన కడుపు నొప్పి బిళ్లలు అలవాటు పడతాయి. ఆ మందు షెడ్యూల్ హెచ్1లో ఉంది. చీటీ లేకుండా ఇవ్వకూడదు, ఇచ్చినవి విడి రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. రెండోది, గ్యాస్ బిళ్లతో లెవోసల్పిరైడ్ కలిపిన క్యాప్సూల్. నెలల తరబడి మింగిన పెద్దవాళ్లకు చేతులు వణుకుతాయి, నడక బిగుసుకుంటుంది, పార్కిన్సన్స్ అనుకుని ఇంకో డాక్టరు చుట్టూ తిరుగుతారు. ఆడవాళ్లకు నెలసరి తప్పి, బిడ్డ లేకుండానే పాలు పడతాయి. పాత స్ట్రిప్ పట్టుకొచ్చి 'ఇదే ఇవ్వండి' అన్నవాళ్లను ఎన్నాళ్లుగా వాడుతున్నారని ఒక్కసారి అడగండి.

ఇంకో మాట, చెప్పే తీరు గురించి. 'ఏం లేదమ్మా, అంతా నీ అనుమానం' అంటే ఆమె ఇంకో డాక్టరును వెతుక్కుంటుంది, ఇంకో స్కానింగు తీయించుకుంటుంది. ఇలా చెప్పి చూడండి: 'నొప్పి నిజమే తల్లీ. పేగులో పుండు లేదు, గడ్డ లేదు, క్యాన్సర్‌గా మారే జబ్బు కాదు. పేగు నరాలు తొందరపడతా ఉండాయి. పూర్తిగా పోతుందని చెప్పను గాని, అదుపులో పెట్టుకోవచ్చు.' అత్తగారో మొగుడో పక్కన నిలబడి ఉంటే మలం గురించి ఆమె నోరు విప్పదు, వాళ్లను కాసేపు బయట కూర్చోబెట్టండి. షిఫ్టులో మరుగుదొడ్డికి వదలరని నీళ్లే తాగకుండా ఉండే ఆడవాళ్లకు ఇసబ్‌గోల్ ఇస్తే ఇంకా బిగుసుకుంటుంది. ముందు నీళ్ల సంగతి, పనిచోట సంగతి అడగాలి. కమోడు మీద కూర్చునేవాళ్లు కాళ్ల కింద ముప్పాతిక అడుగు ఎత్తు పీట వేసుకుంటే మలం తేలిగ్గా దిగుతుంది.

పెద్దాసుపత్రికి పంపాల్సి వస్తే చీటీలో 'కడుపు నొప్పి' అని మాత్రం రాసి పంపకండి. ఎప్పుడు మొదలైంది, బ్రిస్టల్ ఎన్నో రకం, ఇప్పుడు బరువెంత, ఆరు నెలల కింద ఎంత, ఇప్పటికే ఏ యాంటీబయాటిక్ ఎన్ని రోజులు ఏ తేదీన ఇచ్చారు, షుగరు బిళ్లలు ఏవి. యాంటీబయాటిక్ పేర్లు దాచొద్దు. క్షయ అనుమానం ఉన్నప్పుడు అక్కడి డాక్టరు మొదట వెతికేది ఆ పేర్లనే.

ఇట్లు,
నెల్లూరు, ఒంగోలులో జీర్ణకోశ వైద్యం, ఫార్మసీ, ఆహార సలహా పనుల్లో ఉన్న కొందరం